పెద్దన్న ఎక్కిన మడత బండి

14-8-88, ఆదివారం

ఈ డైరీ బావ ఇచ్చాడు. బాలకిషన్‌రావు బావ మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. డాక్టర్లకు పంచగా మిగిలిన డైరీలు బామ్మర్దులకు పంచటం ఆ వృత్తిధర్మం. ప్రతి పేజీ అడుగున ఒక బోసినవ్వు పసివాడు, వాడి పక్కన టానిక్ సీసా. మూడువందల అరవై ఆరు పేజీలు, అన్ని నవ్వులు. జనవరిలో మొదలుపెట్టాల్సింది ఆగస్టులో మొదలుపెడుతున్నాను. నా బి.ఎస్సీ. కూడా అందరి తర్వాతే పూర్తయింది. ఆనవాయితీ తప్పలేదు.

చరిత్రకారుల సౌకర్యార్థం: పేరు భూపాల్‌రావు. నివాసం సుల్తానాబాద్. వయసు ఇరవై మూడు. ఉద్యోగం, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నట్టు కనిపించటం. బాపు చొక్కారావు పొలాన్ని చూసుకుంటాడు. మమ్మల్ని కన్న అవ్వ రాధాబాయి బాపును చూసుకుంటుంది. నన్ను చూసి ఇద్దరూ నిట్టూరుస్తారు.

ఇవాళ ప్రమోదిని అక్క వచ్చింది. ఏడో నెల. మంచిర్యాల నుంచి పెద్దపల్లి దాకా రైలు, అక్కడి నుంచి మా జీపు. డ్రైవర్ నేనే. రోడ్డు మీద ఎన్ని గుంతలున్నాయో బాపు నన్ను అన్ని తిట్లు తిట్టాడు. ఒక్క గుంత కూడా వదల్లేదు, ఆయనా నేనూ.

అక్కకు ఇంతకుముందు రెండు పోయాయి. ఒకటి నాలుగో నెలలో, ఒకటి ఆరో నెలలో. రెండుసార్లూ బావ టూర్‌లో ఉన్నాడు. ఒకసారి నిర్మల్, ఒకసారి ఆసిఫాబాద్. నెలకు ఇరవై రోజులు ఆయన సంసారం బస్టాండ్లలోనే. ఏడో నెల దాకా రావటం ఇదే మొదటిసారి. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. నేను రాసుకోవచ్చు. ఇది ఎవరూ చదవరు.

22-8-88, సోమవారం

బావ వచ్చాడు. భుజం మీద గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి మూట. ఈ రోజుల్లో మా జిల్లాలో పొడుగాటి మూటతో ఎవరు గడప దాటినా, తుపాకేమోనని బాపు మొహంలో నెత్తురు ఉండదు. అల్లుడని తెలిశాక కూడా రెండు నిమిషాలు కూర్చోమనలేదు.

మూట విప్పితే రెండు పెద్ద గొడుగులు జంటగా కట్టేసినట్టు ఒక వస్తువు. అల్యూమినియం గొట్టాలు, నీలం తెలుపు చారల గుడ్డ, కింద బుల్లి చక్రాలు. బావ దాన్ని ఒక్క విదిలింపు విదిలించి, వెనక కొక్కేన్ని కాలితో నొక్కాడు. టక్‌మంది. వాకిట్లో ఒక చిన్న కుర్చీ బండి నిలబడింది. పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకుపోయేది. మళ్ళీ కాలితో కొక్కేన్ని ఎత్తాడు. గొడుగైపోయింది.

దాని వెనక ఒక కథ ఉంది. గనుల్లో మిషన్లు బిగించటానికి వచ్చిన ఒక విదేశీ ఇంజినీరు భార్యను బావ మంచిర్యాల స్టేషన్‌లో చూశాడట. రైలు ఆగేది రెండే నిమిషాలు. ఆవిడ బిడ్డను చంకనెత్తుకుని, కాలితో ఒక్క తన్ను తన్ని, బండిని మడిచి, రెండో చంకలో పెట్టుకుని ఎక్కేసిందట. తన ఒక్కడి సామాను ఎక్కించుకోలేక బావ అదే రైలు తప్పిపోయాడట. ఆ దృశ్యం గురించి నెలరోజులు చెప్పాడని అక్క అంది. తర్వాత ఆ దంపతులు దేశం వదిలిపోతున్నారని తెలిసి, ఇంటికి పోయి అడిగి తెచ్చుకున్నాడు. వాళ్ళ పిల్లవాడు నడక నేర్చాడట. బండితో పనిలేదట.

అందరం నవ్వుతుంటే బావ మాత్రం నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు:

“ఇగ నేను యాడుంటే ఆడనే ఇల్లు, బామ్మర్ది. మీ అక్కను ఒక్కదాన్ని ఇడిచిపెట్టి టూర్ పోయేది లేదు. బిడ్డ గిండ్ల కూసుంటది. బస్సచ్చిందా, మడుస్త. దిగినమా, ఇప్పుత.”

అవ్వ లోపలి నుంచి వచ్చి బండిని చూసింది. అంతే, సభ ముగిసింది. పుట్టని బిడ్డకు దారప్పోగు కూడా కొనకూడదట. పుట్టకముందే తొట్టెల ఎవరూ కట్టరట. కట్టారే అనుకో, ఖాళీ తొట్టెలను ఊపకూడదట, ఖాళీ బండిని తోయకూడదట. వడ్లు పోసే గరిసె ఉన్న లోపలి అర్రలో, గరిసె వెనక దాచమని నాకు ఆజ్ఞ. బిడ్డ పుట్టి ఇరవై ఒక్క రోజులయ్యే దాకా ఎవరూ ముట్టొద్దు.

బావ తలూపాడు. మందుల కంపెనీవాళ్ళు కూడా అత్తగారి ముందు సైన్సు మాట్లాడరు.

23-8-88

గరిసె వెనక దూరి బండిని విప్పాను, మడిచాను. పదకొండుసార్లు. బి.ఎస్సీ. మొదటిసారి పనికొచ్చింది.

4-9-88, ఆదివారం

అక్క పొద్దంతా మిద్దె మీద కిటికీ దగ్గర కూర్చుంటుంది. పొట్ట మీద చెయ్యి వేసుకోదు. బిడ్డ మాట ఎత్తదు. కదిలిందా అని అవ్వ అడిగితే తలూపుతుంది, అదీ గోడకు వినపడుతుందేమో అన్నట్టు.

అక్కను నవ్వించే బాధ్యత ప్రభుత్వం నాకు అప్పగించింది. ప్రభుత్వమంటే అవ్వ. ఈ వారం కార్యక్రమాలు: బ్యాంకు ఇంటర్వ్యూలో నేను ఎలా మాట్లాడతానో చేసి చూపించటం. బాపు బీపీ చూపించుకునేటప్పుడు ఊపిరి ఎలా బిగబడతాడో చేసి చూపించటం. బాపు వెనక నిలబడి ఉండగా చేసి చూపించటం. ఫలితం సున్నా. మూడో దానికి నాకు ఒక చెప్పు తగిలింది. అయినా ఫలితం సున్నా.

నవ్వించకు అంది అక్క. క్రితంసారి ఎవరింట్లోనో పెళ్ళిలో బాగా నవ్విందట. ఆ మర్నాడే కడుపు పోయిందట. నవ్వితే ఎవరి కన్నో పడుతుందని భయం.

చిన్నప్పుడు అక్క నవ్వితే దూడ బెదిరేది.

11-9-88, ఆదివారం, సా. 5 గం.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అవ్వా బాపూ పెద్దపల్లిలో పెళ్ళికి పోయారు. ఇంట్లో నేను, మిద్దె మీద అక్క, వాకిట్లో బియ్యం చెరుగుతూ లచ్చవ్వ. లచ్చవ్వ మా ఇంట్లో నలభై ఏళ్ళుగా పనిచేస్తోంది. మా ఇద్దరినీ ఎత్తుకుని పెంచింది.

నాకు ఒక శాస్త్రీయమైన ఆలోచన వచ్చింది. ఖాళీ బండి తోయకూడదు. ఒప్పుకున్నాను. ఖాళీ కాని బండిని తోయొచ్చు కదా.

మా ఇంట్లో ఇరవై ఒకటో రోజున తొట్టెల వేస్తారు. ఆ రోజు బిడ్డ కంటే ముందు, అవ్వ పచ్చళ్ళు నూరే పొత్రాన్ని కడిగి, కొత్త గుడ్డలో చుట్టి తొట్టెల్లో పడుకోబెడతారు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. దాన్ని ఊపి, దానికో పాట పాడి, అప్పుడు తీసి బిడ్డను వేస్తారు. బాపు కంటే ముందు ఆ తొట్టెల్లో పడుకున్నది ఈ పొత్రమే. అక్క కంటే ముందూ ఇదే. నా కంటే ముందూ ఇదే. ఆ లెక్కన ఈ ఇంటికి పెద్దన్న ఈ రాయి.

పెద్దన్నకు స్నానం చేయించాను. టర్కీ టవల్‌లో చుట్టాను. నా మఫ్లర్ కట్టి, కాటుకతో దిష్టిచుక్క పెట్టాను. బండిలో కూర్చోబెట్టాను. పెళ్ళిళ్ళకు మాత్రమే వేసుకునే కోటు తొడుక్కుని, మెడ నిటారుగా పెట్టి, వీధిలోకి బయల్దేరాను.

“గిదేంది సిన్నదొరా, గొడుగుకు చక్రాలు మొలిచినయా?” అంది లచ్చవ్వ.

పెద్దన్నకు గాలి మార్పు కావాలని డాక్టరు రాసిచ్చాడని చెప్పాను. లచ్చవ్వ చేటతో మొహం కప్పుకుంది. చేట ఊగిపోతోంది.

కిరాణం లింగమూర్తి గల్లా వదిలి బయటికి వచ్చాడు. ఆయన కొట్టు వదలటం నేను పుట్టాక ఇది రెండోసారి. వంగి, మఫ్లర్ తప్పించి చూశాడు. చాలాసేపు పరిశీలించాడు.

“అచ్చం మేనమామ పోలికే,” అన్నాడు. “తలకాయల యాడ గూడ మెత్తదనం లేదు.”

బస్టాండు దాకా పోయాను. ఒక కండక్టర్ అర టికెట్ కొట్టమంటావా అని అడిగాడు. దిగ్విజయంగా తిరిగి వచ్చాను. మా గడప ముందు రాతిమెట్టు ఉంది. బండి ముందు చక్రాలు ఎత్తి ఎక్కించబోయాను. వెనక కొక్కెం టక్‌మని పడితేనే బండి నిలబడుతుంది. పదకొండుసార్లు సాధన చేసినవాణ్ణి. పన్నెండోసారి కొక్కెం వెయ్యలేదు. ఇంతసేపూ ఎలా నిలబడిందో తెలియదు.

బండి తనంతట తనే మడుచుకుంది. టవల్ నా చేతిలో ఉంది. పెద్దన్న లేడు. కొబ్బరికాయ కొట్టినట్టు ఒక్క చప్పుడు.

రెండు ముక్కలు. సరిగ్గా నడుముకు.

లచ్చవ్వ నవ్వు ఆగిపోయింది. చీపురు తెచ్చి రాతిపొడి ఊడ్చింది. పైకి చూశాను. కిటికీ రెక్క ఓరగా ఉంది. అక్కడ ఎవరూ కనిపించలేదు.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

పొత్రం ఏదని అవ్వ అడిగింది. చూడలేదన్నాను. లచ్చవ్వను అడిగింది. లచ్చవ్వ తనకూ తెలియదంది. నా కోసం అబద్ధం ఆడిన ఆ మొహం చూడలేక జీపు కడగటానికి పోయాను. జీపు నిన్ననే కడిగాను.

రెండు ముక్కలూ టవల్‌లో చుట్టి బండిలో పెట్టి గరిసె వెనక దాచాను. నేను సైన్సు స్టూడెంటుని. గ్రానైటు పగిలితే గ్రానైటు పగిలినట్టు. అంతే.

అంతే.

13-9-88

పొద్దున వంటింట్లోకి పోతే చప్పుడు. అవ్వ పచ్చడి నూరుతోంది. సగం పొత్రంతో.

అర్రలోకి పరుగెత్తాను. బండిలో ఒక్క ముక్కే ఉంది. టవల్ నాకంటే బాగా చుట్టి ఉంది.

అవ్వ నన్ను తిట్టలేదు. నా వైపు చూడలేదు కూడా. పచ్చడి వడ్డించింది. తిట్లు లేని పూట నాకు ఊహ తెలిశాక లేదు. భయమేసింది.

30-9-88, శుక్రవారం

బావ దగ్గర నుంచి కవరు. లోపల ఉత్తరం లేదు. కంపెనీ టూర్ ప్రోగ్రాం ఫారం ఉంది. కార్బన్ పెట్టి మరీ నింపాడు.

జనవరి, నిర్మల్. పని: కొయ్యబొమ్మలు చూపించుట. ఫిబ్రవరి, బాసర. పని: గోదావరి చూపించుట (అక్షరాభ్యాసమునకు ఇంకా టైమున్నది). మార్చి, శ్రీరాంపూర్. పని: గని సైరన్ వినిపించుట, ఏడ్చినచో ఎత్తుకొనుట. తోడు వచ్చు సిబ్బంది: భార్య 1, బిడ్డ 1, బండి 1. అడుగున మేనేజర్ సంతకానికి ఖాళీ.

అక్క దాన్ని మూడుసార్లు చదివింది. నా జేబులోని పెన్ను లాక్కుని మేనేజర్ చోట సంతకం చేసింది.

నేను అనుకున్నదాని కంటే బావ పెద్ద జోకర్. వృత్తిలో పోటీ పెరిగింది.

10-10-88

బతుకమ్మ మొదలు. అక్క కిందికి దిగి రెండు పూలు పేర్చింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడింది. అందరి ముందూ.

26-10-88, బుధవారం

నొప్పులు. కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చాం. జీపు నేనే నడిపాను. ఒక్క గుంతలో పడలేదు. బాపు మెచ్చుకున్నాడు. బావ ఆదిలాబాద్‌లో ఉన్నాడు. ట్రంకాల్ బుక్ చేశాను.

27-10-88, గురువారం, ఉ. 11.40

ఆడపిల్ల. ఏడ్వలేదు.

నర్సు ప్రేమమ్మ కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసిందట. వీపు తట్టిందట. నోట్లో నోరు పెట్టి ఊదిందట. ఇరవై నిమిషాలు. తలుపు అవతల నుంచి ఆమె గొంతు మాత్రం నాకు వినబడింది. “లే బిడ్డా, లే, జర లే.” తర్వాత వినబడలేదు.

గుండె పొద్దుననే ఆగి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఎందుకని బాపు అడిగాడు. కొన్నిటికి కారణం దొరకదంది. ఫారంలో కారణానికి ఒక గడి ఉంది. అందులో ‘తెలియదు’ అని రాసింది.

ఆ గడిలో ఏం రాయాలో నాకు తెలుసు.

ప్రేమమ్మ బిడ్డను టవల్‌లో చుట్టింది. కింద ఒక మడత, పక్కలకు రెండు, తల మీద ఒకటి. నేను పెద్దన్నను చుట్టినట్టే. బాపు చేతులు చాపలేకపోయాడు. అందుకని నాకు ఇచ్చింది.

27-10-88, సాయంత్రం

పొత్రం కంటే తేలిక.

9-11-88, బుధవారం

దీపావళి. ఇరుగుపొరుగు మా వీధిలో పటాకులు కాల్చలేదు. అడక్కుండానే.

బిడ్డ పుట్టిన రోజునే మా పొలంలో, మామిడి చెట్లకు అవతల గొయ్యి తీశారు. బావ ఆదిలాబాద్ నుంచి మూడు బస్సులు మారి వచ్చేసరికి మట్టి పూడ్చటం కూడా అయిపోయింది. మొహం చూడలేదు. ఎట్లుండె బామ్మర్ది, అని అడిగాడు. మీ పోలికే అన్నాను. అబద్ధం. అక్క పోలిక. కనుబొమలు కలిసి ఉన్నాయి.

ఎవరూ ఎవరినీ ఏమీ అనటం లేదు. కానీ నేను వింటూనే ఉన్నాను. పుట్టకముందే బండి తెచ్చానని బావ నిన్న గోడకు చెప్పాడు. దాన్ని ఆ రోజే వాపస్ పంపాల్సిందని అవ్వ లచ్చవ్వతో అంది. ఆగస్టులో పెద్దపల్లి రోడ్డు మీద జీపులో తేవటమే తప్పని బాపు అన్నం ముందు కూర్చుని అన్నాడు. ‘తెలియదు’ అని రాసిన ఆ గడిలో ప్రతివాళ్ళూ తమ పేరే రాసుకుంటున్నారు. అసలు పేరు నాది. నేను మాత్రం ఇంకా ఎక్కడా చెప్పలేదు.

ఈ డైరీలో అక్టోబరు 27 నుంచి చివరి దాకా ప్రతి పేజీ అడుగున ఉన్న పసివాణ్ణి సిరాతో కప్పేశాను. అరవై ఆరు మంది. రెండు రోజులు పట్టింది.

20-11-88, ఆదివారం

చెప్పేశాను.

మిద్దె మీదికి పోయాను. అక్క కిటికీ దగ్గరే ఉంది. నిలబడే చెప్పాను. పెద్దన్నను చుట్టటం, మఫ్లర్, బస్టాండు, కొక్కెం, మెట్టు. తొట్టెలకు చేయాల్సినదాన్ని పుట్టకముందే ఆటగా చేశానని, బిడ్డ బదులు పెట్టే రాయిని పగలగొట్టానని, రెండు నెలలుగా దాచానని. సైన్సు చదివాను కాబట్టి ఇదంతా ఉత్తదని తెలుసనీ, తెలిసినా నిద్ర రావటం లేదనీ.

అక్క కిటికీ రెక్క పూర్తిగా తెరిచి వీధి చూపించింది.

“అంతా చూసిన తమ్మీ. నువ్వు కోటేసుకుని పోవుడు, లింగమూర్తి ఒంగి చూసుడు, అన్నీ. నోట్ల కొంగు కుక్కుకుని నవ్విన. గన్ని నెలలల్ల ఫికర్ లేకుంట నవ్వింది గదొక్కసారే. గప్పుడే అది కడుపుల గిర్రున తిరిగింది. నాతోని కలిసి నవ్వినట్టే అనిపిచ్చింది. నా బిడ్డకు సంబురమైన దినం అంటే గదొక్కటే తమ్మీ. గిప్పుడు నువ్వచ్చి గా దినమే దాన్ని సంపిందంటవా? గది గూడ నా తాన గుంజుకపోతవా?”

నేను కింద కూర్చున్నాను. అక్క నా తల మీద చెయ్యి పెట్టింది. చిన్నప్పుడు పేన్లు చూసేది, అలాగే వేళ్ళు పెట్టి.

పొత్రం పగలటం కూడా చూసిందట. అవ్వకు చెప్పింది ఆమే. తమ్ముణ్ణి ఏమీ అనొద్దని ఒట్టు పెట్టించుకుందట. అవ్వ ఒట్టు వేసి, అర్రలోకి పోయి, ఒక ముక్కను వంటింట్లోకి తెచ్చుకుంది. పగిలిందన్న మాట నోట్లో నుంచి వస్తే నిజమవుతుందని, రాకపోతే రాయి రాయిగానే ఉంటుందని అందట.

కిందికి వచ్చాను. అవ్వ నూరుతోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. మిరపకాయల తొడిమలు తీసిపెట్టాను.

4-12-88, ఆదివారం

అక్కా బావా ఇవాళ పోయారు. మంచిర్యాలలో ఒక్కదాన్నే ఉండనని అక్క తేల్చి చెప్పింది. ఎక్కడికి టూరు పడితే అక్కడికి తనూ వస్తుందట. సంతకం పెట్టిన ఫారం ఉంది కదా అంది. బావ ఆ ఫారం చింపేశానన్నాడు. కార్బన్ కాపీ తన దగ్గర ఉందని అక్క పెట్టెలో నుంచి తీసింది. అందులో బిడ్డ 1 అన్నచోట ఏమీ కొట్టెయ్యలేదు.

పెద్దపల్లి స్టేషన్. జీపులో నుంచి సామాను దించుతుంటే అన్నిటికంటే కింద గోనెపట్టా మూట. నేను పెట్టలేదు. బావ పెట్టలేదు. బావ దాన్ని చూసి, అదెందుకు, ఎవరికన్నా ఇచ్చెయ్యండన్నాడు. అక్క మూట విప్పింది. ఇన్నాళ్ళలో ఆమె ఆ బండిని ముట్టటం ఇదే మొదలు. విదిలించింది. విప్పుకోలేదు. మళ్ళీ విదిలించింది. కాలితో కొక్కేన్ని నొక్కటం నేను చూపించాను. టక్‌మంది. మడిచింది. విప్పింది. మడిచింది. ప్లాట్‌ఫాం మీద జనం చూస్తున్నారు. ఏ బిడ్డా లేని మనుషులు ఐదుగురు, మధ్యలో ఒక బిడ్డ బండి.

చివరిసారి విప్పినప్పుడు తోయబోయింది. అవ్వ అడ్డం వచ్చింది.

“ఉత్తగ తొయ్యకు,” అంది.

సంచిలో నుంచి ఒక చిన్న మూట తీసింది. కొత్త గుడ్డ. పసుపు మరకలు. లోపల ఏముందో నాకు చూడకుండానే తెలుసు. రెండో ముక్క. దాన్ని బండిలో పెట్టి, గుడ్డ సర్ది, వెనక్కి జరిగింది. అక్క ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరికి తోసుకుంటూ పోయి వచ్చింది. బావ పక్కన నడిచాడు. బాపు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవటం మొదలుపెట్టి, రైలు వచ్చే దాకా తుడుస్తూనే ఉన్నాడు.

రైలు రెండు నిమిషాలే ఆగింది. అక్క గుడ్డ మూటను చంకనెత్తుకుంది. కాలితో ఒక్క తన్ను తన్ని బండిని మడిచింది. రెండో చంకలో పెట్టుకుని ఎక్కేసింది. బావ మూడు సంచులతో కిందే నిలబడి చూస్తున్నాడు. నేను తోయకపోతే ఈసారీ రైలు తప్పిపోయేవాడు.

నేను ఒక జోకు తయారుచేసి పెట్టుకున్నాను. వెయ్యలేదు.

22-1-90

కొత్త డైరీ లేదు. దీంట్లోనే జనవరి పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇక్కడ పసివాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఏడాదిగా అక్క కార్డులే వస్తున్నాయి. నిర్మల్, బాసర, శ్రీరాంపూర్, ఆదిలాబాద్. బండిలో బావ శాంపిల్ మందుల పెట్టె పెట్టి బస్టాండ్లలో తోస్తున్నారట. ఇవాళ్టి కార్డు మంచిర్యాల నుంచి. రెండే లైన్లు. ‘తమ్మీ, వంటింట్ల ఉన్న ముక్క గూడ ఇగ నాకు కావాలె. తొందర లేదు, ఇంక ఆరు నెలలున్నది.’

చదివి వినిపించాను. అవ్వ నోరు తెరవలేదు. లేచి పోయి దాన్ని కడిగింది, కారం వాసన పోయేదాకా, మూడుసార్లు. కొత్త గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టింది.

సగం రాయి. ఈ బరువు నాకు తెలుసు.